బొటనవేలి విమర్శ

కావ్యాన్ని తూచడానికి మన పూర్వులు రసమన్నారు, ధ్వని అన్నారు, వక్రోక్తి, ఔచిత్యం అన్నారు. బొటనవేలు అనలేదు. అలంకారశాస్త్రంలో మిగిలిపోయిన ఈ లోటును పూడ్చిన ఘనత అమెరికాలో టీవీ ధారావాహికల మీద అల్లిన నవలలు చదివే పాఠకులకు దక్కుతుంది. ఆ మహనీయుల విమర్శ పద్ధతిని తెలుగువారికి పరిచయం చేయడం నా విధిగా భావిస్తున్నాను.

1985లో పాకెట్ బుక్స్ సంస్థ ‘కిల్లింగ్ టైమ్’ అనే నవల వేసింది. స్టార్ ట్రెక్ అనే అంతరిక్ష టీవీ ధారావాహిక మీద వచ్చిన నవలల వరుసలో ఇరవై నాలుగోది. రచయిత్రి డెల్లా వాన్ హైస్. కథ ఏమిటంటే, రోములన్లనే శత్రుగ్రహవాసులు గతంలోకి మనుషుల్ని పంపి చరిత్రను తారుమారు చేస్తారు. దాంతో లోకం తలకిందులవుతుంది. టీవీలో కెప్టెన్ కర్క్ కింద పనిచేసే స్పాక్ ఇక్కడ కెప్టెన్ అయి కూర్చుంటాడు. కర్క్ అతని ఓడలో ఎన్‌సైన్ అనే అట్టడుగు అధికారిగా తేలుతాడు. ఇద్దరినీ పూర్వజన్మ వాసనల్లాంటి కలలు వేధిస్తుంటాయి. పుస్తకం బజారుకు వచ్చాక, తీసేయమని ముందే చెప్పిన వాక్యాలు కొన్ని అందులో అలాగే ఉండిపోయాయని బయటపడింది. కర్క్, స్పాక్‌ల స్నేహం ఆ వాక్యాల్లో స్నేహానికి పట్టే వేడి కంటే కాస్త ఎక్కువ వేడిగా ఉందట. ప్రతులు వెనక్కి రప్పించారు. సవరించిన ముద్రణ వేశారు. కానీ అమ్ముడుపోయినవి అమ్ముడుపోయాయి.

రెండు ముద్రణలకూ అట్టబొమ్మ ఒకటే. తేడా ఒక్కటే: మొదటిదాని అట్ట మీద పేరు ఉబ్బెత్తు అక్షరాల్లో ఉంటుంది, రెండోదానిలో చదునుగా ఉంటుంది. నవల గొప్పదా కాదా అన్నది ఇక కళ్ళతో తేల్చవలసిన పని లేదు. అట్ట మీద బొటనవేలు పెట్టి మెల్లగా ఎడమ నుంచి కుడికి జరపాలి. వేలికి అక్షరం తగిలితే ఉత్తమ కావ్యం. జారిపోతే అధమం.

హైదరాబాదులో ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఒక ఆదివారం నాకు ఈ పుస్తకం కనబడింది. ఇంజనీరింగు ఎంట్రెన్సు గైడుకీ, అట్ట లేని వంటల పుస్తకానికీ మధ్య ఇరుక్కుని ఉంది. నేను దాన్ని తెరవలేదు. వెనక అట్ట చూడలేదు. కళ్ళు మూసుకుని బొటనవేలు జరిపాను. పుస్తకాలమ్మే ఆయన పట్టుచీర అంచు తడిమి చూసే ఆడవాళ్ళను చూసి ఉంటాడు కానీ, చినిగిన అట్టను తడుముతూ కళ్ళు మూసుకున్న మగవాణ్ణి చూసి ఉండడు.

“ఏం చూస్తున్నారు సార్?” అన్నాడు.

“ఇందులో లేని వాక్యాలు” అన్నాను.

ఆయన నన్ను మరీ ఎక్కువ ప్రశ్నించలేదు. అట్ట చదునుగా ఉంది.

ఈ నవల మీద పాఠకుల అభిప్రాయాలను నేను చాలా ఏళ్ళుగా శ్రద్ధగా గమనిస్తున్నాను. చదును ప్రతి ఉన్నవారు, కత్తిరించడం వల్లే నవల ప్రాణం పోయిందంటారు. ఉబ్బెత్తు ప్రతి ఉన్నవారు దాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి చదవకుండా దాచుకుంటారు కనుక, వారి అభిప్రాయం మచ్చలేనిదిగా నిలుస్తుంది. మూడో తెగ ఒకటుంది. వీరు రెండు ప్రతులూ సంపాదించి, పక్కపక్కన పెట్టుకుని, వేమన పద్యాల ప్రతులు పోగుచేసిన బ్రౌన్ దొర అంత ఓపికతో పాఠాంతరాలు రాసుకున్నారు. వీరు కనుగొన్నది, తేడా మనమనుకున్నంత ఏమీ లేదని. అందువల్ల మిగతా రెండు వర్గాలూ వీరిని నమ్మవు.

అసలు ఈ గొడవ ‘కిల్లింగ్ టైమ్’కు ఆరేళ్ళ ముందే ఉంది. స్టార్ ట్రెక్ సృష్టికర్త జీన్ రాడెన్‌బెరీ 1979లో మొదటి సినిమాకు స్వయంగా నవలారూపం ఇచ్చాడు. అందులో స్పాక్ తన మిత్రుణ్ణి తలచుకునే వల్కన్ మాట, అంటే అతని జాతి భాషలోని మాట, ఒకటి వస్తుంది. దానికి స్నేహితుడు, సోదరుడు, ప్రియుడు అని మూడర్థాలు. వెంటనే కింద అధోజ్ఞాపిక. అందులో కర్క్ తమ ఇద్దరి గురించిన పుకారు తనకు తెలియదంటూనే, తనకు మాత్రం స్త్రీలే ఇష్టమని వివరణ ఇస్తాడు. నవలలో నాయకుడు అధోజ్ఞాపికలోకి దిగి సంజాయిషీ చెప్పుకోవడం నేను మరెక్కడా చూడలేదు. అధోజ్ఞాపికలో చెప్పిన సంజాయిషీని ఎవరు నమ్ముతారు? పాఠకులూ నమ్మలేదు.

ఇక అసలు శాస్త్రానికి వద్దాం. ఇక్కడ ‘కానన్’ అని ఒక మాట ఉంది. తెరమీద జరిగిందే నిజం, పుస్తకంలో జరిగింది ఉత్తిది అన్నది దాని సారం. మనకిది కొత్త కాదు. శ్రుతికీ స్మృతికీ విరోధం వస్తే శ్రుతిదే పైచెయ్యి అని ఏనాడో తేల్చుకున్నాం. 1966 నుంచి 1969 దాకా వచ్చిన 79 ఎపిసోడ్లు శ్రుతి. నవలలన్నీ స్మృతి. కాకపోతే మనం ఈ విషయంలో కాస్త చేతికి ఎముక లేనివాళ్ళం. వ్యాసుడి భారతంలో శశిరేఖ లేదని చెబితే ఏ తెలుగువాడూ పెళ్ళివిందు మానుకుని ఇంటికి వెళ్ళడు. అక్కడ అలా కుదరదు. వంటకం ఎలా ఉందో చెప్పేముందు అది అధికారికంగా వండబడిందో లేదో తేల్చాలి.

కర్క్ ఓడ చుక్కాని పట్టే సులు సంగతే చూడండి. టీవీలో మూడేళ్ళు ఓడ నడిపాడు, ఇంటిపేరు తప్ప పేరు లేదు. 1981లో వోండా మెకింటైర్ తన నవలలో అతనికి హికారు అని పేరు పెట్టింది. పేరు బాగుంది, అందరూ పిలిచారు. కానీ తెరమీద ఎవరూ పలకలేదు కనుక అది చెల్లని పేరు. 1991లో సినిమాలో పలికారు, చెల్లింది. పదేళ్ళు. అదే ఓడలోని ఉహురాకు పుస్తకాల్లో న్యోటా అన్న పేరు 1982 నుంచే ఉన్నా, తెరమీద వినబడింది 2009లో. మన తహసీల్దారు కార్యాలయంలో పేరు మార్పుకు తిరిగే రైతుకు ఈ సంగతి చెబితే కొంత ఊరటగా ఉంటుంది.

ఈ సంకట పరిస్థితిలో కూడా గొప్పగా రాసినవాళ్ళున్నారు. ఇది నేను వ్యంగ్యం పక్కనపెట్టి చెబుతున్న మాట. జాన్ ఎం. ఫోర్డ్ 1984లో స్టార్ ట్రెక్ కథల్లో శత్రుజాతి అయిన క్లింగాన్ల లోపలి నుంచి ఒక నవల రాశాడు. వాళ్ళకొక భాష, చదరంగంలాంటి ఆట, మర్యాద, మన్నన అన్నీ సమకూర్చాడు. 1987లో కొత్త టీవీ ధారావాహిక వచ్చి క్లింగాన్లను మరో దారిన నడిపించింది. ఫోర్డ్ క్లింగాన్లు రాత్రికి రాత్రి అబద్ధమయ్యారు. ఆ ఏడాదే ఆయన ఇంకో నవలలో మనుషులచేతా క్లింగాన్లచేతా కలిపి పాటలు పాడించాడు. సంగీత ప్రహసనం. ఇప్పటికీ దాన్ని నెత్తిన పెట్టుకునేవారు సగం, కర్క్ పనిచేసే అంతరిక్ష దళమైన స్టార్‌ఫ్లీట్ పరువు తీశాడని మండిపడేవారు సగం. నవ్వు వచ్చిందా అని అడిగితే, వచ్చింది కానీ కర్క్ అలా పాడడు అంటారు.

‘అలా పాడడు, అలా అనడు, అలా కూర్చోడు.’ ఇదే అన్నిటికన్నా బరువైన తీర్పు. మా ఊళ్ళో రాయబారం పద్యాలు నోటికి వచ్చిన పెద్దలు ముందు వరుసలో కూర్చునేవారు. వాళ్ళు నాటకం చూడటానికి రాలేదు. పాడేవాడు ఎక్కడ జారతాడో పట్టుకోవడానికి వచ్చారు. రాగం ఒక్క మెట్టు తప్పితే హార్మోనియం వాయించేవాడి కంటే ముందు వాళ్ళ తల అడ్డంగా ఊగేది. స్పాక్ కనుబొమ్మ ఒక అధ్యాయంలో నాలుగుసార్లు లేస్తే అతి, అసలు లేవకపోతే ద్రోహం. లేవవలసింది ఎన్నిసార్లన్నది రచయితకు తెలియదు. పాఠకుడికి తెలుసు. కానీ చెప్పడు, తప్పినప్పుడు మాత్రం తల ఊపుతాడు.

అన్నిటికీ పరాకాష్ఠ అనదగ్గ ఘట్టం 2021లో జరిగింది. 2001 నుంచి రచయితలు ఒకరి నవలకొకరు ముడివేస్తూ, టీవీ ఆగిపోయిన చోటి నుంచి కథను ఇరవై ఏళ్ళు నడిపారు. పెళ్ళిళ్ళు, పిల్లలు, చావులు అన్నీ జరిగాయి. 2020లో పికార్డ్ పేరుతో కొత్త ధారావాహిక వచ్చి అవేవీ జరగలేదంది. అప్పుడు ముగ్గురు రచయితలు సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు నెలల్లో మూడు నవలలు వెలువరించి, ఆ కాలప్రవాహాన్ని తామే చేజేతులా ఆర్పేశారు. కట్టినవాడే ఇల్లు కూల్చడానికి ముహూర్తం పెట్టుకోవడం లాంటిది. పాఠకులు ఏడ్చారు. తిట్టారు. ఇన్నేళ్ళూ ఉత్తివే అని తామే తీర్పులు చెప్పిన పుస్తకాల కోసం ఏడ్చారు. నేనూ రెండురోజులు అన్నం సరిగా తినలేదు. కారణం ఇంట్లో చెప్పలేకపోయాను.

నిన్న ఆదివారం మళ్ళీ ఆబిడ్స్ వెళ్ళాను. ఆయన నన్ను దూరం నుంచే గుర్తుపట్టాడు. గుట్టలోంచి ఒక పుస్తకం లాగి, నా చేతికి ఇవ్వకుండా, తనే అట్ట మీద బొటనవేలు ఒకసారి జరిపాడు. అది కొబ్బరి తోటల పెంపకం గురించి.

“ఇది ఉబ్బుగా ఉంది సార్,” అన్నాడు. “రెండు వందలకు తక్కువ రాదు.”