అయ్యా వేడి గారూ, తమరి మీద పెట్టింది దొంగ కేసు!

కర్నూలు నుంచి

మహారాజశ్రీ వేడి గారి సముఖమునకు,

నమస్కారాలు. మా ఊరిని తమరు నమ్ముకున్నంతగా ఇంకెవరూ నమ్ముకోలేదు. 1953లో కర్నూలును ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని చేశారు, 1956లో ఆ ముచ్చట కాస్తా హైదరాబాదుకు పోయింది. ఆఫీసులు పోయాయి, మంత్రులు పోయారు. తమరు మాత్రం అంగుళం కదల్లేదు. మే నెలంతా కొండారెడ్డి బురుజు మీద కొలువుంటారు. నాలుగు చినుకులు పడగానే వీధిలోంచి మా ఒంట్లోకి మకాం మారుస్తారు. ఇక అక్కడి నుంచి ఏడాది పొడవునా ఇంట్లో ఎవరికి ఏమొచ్చినా ముద్దాయి తమరే.

తాజా కేసు మా చెల్లెలి కొడుకుది. ఐదేళ్ళవాడు. పొద్దున్నే వచ్చి "మామా, నీకొకటి చెప్తా" అని మొహం మీద మొహం పెడితే, మేనమామనైనా ఊపిరి బిగబట్టాల్సిందే. మా అమ్మ ఒక్కసారి దగ్గరికి తీసుకుని తీర్పు చెప్పేసింది: "వేడి చేసింటాదిలే పిల్లోనికి." పక్కింటి అత్త ఔనంది. ఎదురింటాయన ఎవరూ అడక్కుండానే ఔనన్నాడు. వాడి నోరు తెరిచి చూద్దామని మాత్రం ఒక్కరికీ తోచలేదు. నోటి వాసనకు నోరు చూడటమేమిటి, అదేమన్నా పద్ధతా?

శిక్ష వెంటనే అమలైంది. మాడుకు ఆముదం పట్టించారు, పొద్దున సబ్జా నీళ్ళు, మధ్యాహ్నం మజ్జిగ. ఇంతవరకూ ఎవరికీ నష్టం లేదు. కానీ చలవ పేరుతో మన ఇళ్ళలో అసలు ఖర్చయ్యేది చక్కెర. పటికబెల్లం ముక్క బుగ్గన పెట్టి మెల్లగా చప్పరించమన్నారు. రాత్రి గ్లాసుడు నన్నారి షర్బత్. దానిమీద రెండు స్పూన్ల చక్కెర వేసిన పాలు. నోరైనా పుక్కిలించకుండా నిద్ర.

తమరు ఏ పాపమూ ఎరుగరు కాబట్టి అసలు దొంగలెవరో చెబుతాను. నాలుక వెనక భాగంలో, పళ్ళ సందుల్లో, గాలి ఆడని చోట కాపురముండే సూక్ష్మజీవులు. ఇరుక్కుపోయిన తిండిని అవి కుళ్ళబెట్టి గంధకపు వాయువులు వదులుతాయి. కుళ్ళిన గుడ్డు కంపు ఆ బాపతుదే. పగలు లాలాజలం ఊరి నోటిని కడుగుతూ ఉంటుంది. నిద్రలో అది తగ్గుతుంది కాబట్టి పొద్దున ఎవరి నోరైనా కాస్త వాసనే. జలుబుతోనో, ముక్కు వెనక కండ పెరిగో, పిల్లోడు నోరు తెరుచుకుని పడుకుంటే నోరు ఎండిపోయి వాసన ఇంకా ముదురుతుంది. ఇక చక్కెరేమో ఈ జీవుల చేతిలో యాసిడ్‌గా మారి పంటిని తొలుస్తుంది. తొలిచిన గుంతలో మళ్ళీ తిండి చేరుతుంది. అంటే తమరిని వెళ్ళగొట్టడానికని పోసిన షర్బత్, ఆ దొంగలకు రాత్రి విందు అన్నమాట. తమరిని తిట్టి, వాళ్ళకు విస్తరి వేశాం.

చివరికి మా చెల్లెలే ఒకరోజు వాణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుని ఫోన్ టార్చి వేసింది. నాలుక వెనకాల పసుప్పచ్చటి పూత. దవడపళ్ళ మధ్య ఎర్రటి శనక్కాయ పొట్టు, ఎన్నాళ్ళ నుంచి ఉందో తెలియదు. దాని పక్క పంటికి నల్లటి గుంత. "పాలపళ్ళే కదమ్మా, ఊడిపోయేటివే" అంది మా అమ్మ. ఆ దవడ పాలపళ్ళు పదేళ్ళు దాటేదాకా ఉంటాయని పళ్ళ డాక్టరు చెప్పాకే ఆమె మెత్తబడింది. గుంత పూడ్పించారు.

ఇంట్లో జరిగిన వైద్యం మాత్రం తమరి హోదాకు తగినట్టు లేదు. రాత్రి పాలు తాగాక బ్రష్, ఆ తర్వాత నీళ్ళు తప్ప ఏదీ లేదు. పొద్దున ఇంకోసారి. ప్రతిసారీ రెండు నిమిషాలు, అదీ తల్లి చేత్తో, ఎందుకంటే ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా పిల్లల చేతికి అంత పనితనం రాదు. వాడి వయసుకు పేస్టు బఠాణీ గింజంత చాలు, మూడేళ్ళలోపు వాళ్ళకైతే బియ్యపు గింజంతే. టీవీ యాడ్‌లో బ్రష్ పొడవునా వేసేది పేస్టు అమ్ముకోవడానికి. నాలుకను అదే బ్రష్‌తో వెనక నుంచి ముందుకు మెల్లగా రుద్దుతుంది, వాడు ఓక్‌మంటే ఆపేస్తుంది. మెడికల్ షాపు పచ్చరంగు మౌత్‌వాష్ వద్దంది. ఆరేళ్ళలోపు పిల్లలు దాన్ని ఉమ్మరు, మింగుతారు. లవంగ నూనె సీసా అందనంత ఎత్తుకెక్కింది. అది కొంచెం మింగినా చిన్నపిల్లలకు ప్రమాదమే. వేపపుల్ల మీద నాకు భక్తి ఉంది కానీ, వాడి చేతికిస్తే నమలడు, తన చెల్లెలితో కత్తియుద్ధం చేస్తాడు.

తమరి తప్పు అసలే లేదని చెప్పను. మిట్టమధ్యాహ్నం ఎండలో క్రికెట్టాడి, నీళ్ళు తాగకుండా తిరిగితే నోరు ఎండుతుంది, వాసనొస్తుంది. అంతవరకు తమరిదే. దానికి మందు కుండలో నీళ్ళు, షర్బత్ కాదు.

ఒక విన్నపం. కొన్ని వాసనల్ని దయచేసి తమరి ఖాతాలో రాయించుకోకండి. ఒకే ముక్కురంధ్రం నుంచి కంపుకొట్టే చీమిడి కారుతుంటే, లోపల ఏ పూసో, శనగ గింజో ఉండొచ్చు. పిన్నీసుతో కెలక్కుండా డాక్టరు దగ్గరికి పోవాలి. నోరు పండ్ల వాసనొస్తూ, పిల్లోడు తెగ దాహమంటూ, మాటిమాటికీ ఒంటేలుకు పోతూ, వాంతులు చేసుకుంటూ నీరసపడితే అది షుగర్ ముదిరిన లక్షణం కావచ్చు. అప్పుడు మాడుకు ఆముదం పెడుతూ కూర్చుంటే ప్రాణం మీదికొస్తుంది, అదే గంటలో ఆసుపత్రిలో ఉండాలి. రెండు వారాలు శుభ్రంగా పళ్ళు తోమినా వాసన పోకపోయినా చూపించుకోవాల్సిందే.

ఈ కేసులో తమరు నిర్దోషి అని మా అమ్మ ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. "బ్రష్‌తో తగ్గిందో, ఆముదంతో తగ్గిందో ఎవరికెరుక" అంటోంది. పైగా కంటికురుపు, సెగ్గడ్డ, మా బావ చిరాకు, ఈ మూడూ తమరి మీద విచారణలో ఉన్నాయి. వాటికి వకీలును తమరే చూసుకోండి. మా బావ విషయంలో మాత్రం తమరిదే తప్పని నా అనుమానం కూడా.

ఇట్లు,
తమరి ఊరివాడు