గౌను అద్దెదే, ఫోటో మాత్రం ఆమెది

"తిరపతిలో సముద్రం యాడుండాదబ్బా?"

బీచ్‌కి పోయి, పొడుగు గౌను వేసుకుని, ఫోటోగ్రాఫర్‌ని పెట్టుకుని ఫోటోలు తీయించుకుంటానని మా వీధి చివరింటి టీచరమ్మ చెప్పగానే ఇంట్లో వచ్చిన మొదటి ప్రశ్న ఇది. రెండోది, "ఈ వయసులోనా?" ఆమెకు నలభై ఆరేళ్లు. మూడో ప్రశ్న ఎవరూ పైకి అడగలేదు గానీ అందరి మొహాల్లో ఉందట. "ఎవరితో?"

మొదటి ప్రశ్నకి జవాబు సులువు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు నెల్లూరు వైపు నుంచి సూళ్లూరుపేట, నాయుడుపేట ప్రాంతాలు తిరుపతి జిల్లాలో కలిశాయి. వాటి వెంట పులికాట్ సరస్సు, దాని అవతల శ్రీహరికోట, వాకాడు మండలంలోని తూపిలిపాళెం బీచ్ వచ్చాయి. రాకెట్ ఎగిరితే మా జిల్లా నుంచే అంటాం. ఫ్లెమింగోలు దిగితే సూళ్లూరుపేటలో పండగ చేస్తాం. ఒక ఆడమనిషి అదే ఇసుకలో తన కోసం నిలబడతానంటే మాత్రం సముద్రం ఎక్కడుందో మర్చిపోతాం.

రెండో ప్రశ్న, మూడో ప్రశ్న గురించే ఈ వ్యాసం. ఆవిడ చేసింది సరైన పని అని, ఇంకా చాలామంది చేయాలని నా అభిప్రాయం. దాచుకోవడం దేనికి?

మీ ఇంట్లో పెద్దావిడ ఫోటోలు ఎన్ని ఉన్నాయో ఒకసారి లెక్కపెట్టండి. బడి గ్రూప్ ఫోటో ఒకటి, ఎండకి కళ్లు చిట్లించి మూడో వరసలో ఉంటుంది. ఓణీల ఫంక్షన్‌ది ఒకటి. ఆ తర్వాత పెళ్లిచూపులకు పంపే ఫోటో. స్టూడియోలో కుర్చీ పక్కన నిలబెట్టి, ఎత్తు తెలిసేలా, జడ కనిపించేలా తీసి కవర్లో పెట్టి ఎవరెవరికో పంపింది. తర్వాత పెళ్లి ఆల్బమ్, సీమంతం, ఒళ్లో బిడ్డ ఉన్న అన్నప్రాశన ఫోటో. తిరుమలలో పిల్లాడి పుట్టువెంట్రుకలు తీయించాక, వెనకాల గోపురం కనబడేలా కుటుంబమంతా నిలబడి తీయించుకుంది ఇంకొకటి. చివరికి ఆధార్ కార్డుది. వీటిలో ఒక్కటైనా ఆమె అడిగి తీయించుకున్నది ఉందా? డబ్బు ఆమె ఇచ్చిందా? ఎలా నిలబడాలో ఆమె చెప్పిందా? ప్రతి ఫోటోలోనూ ఆమె ఎవరికో కూతురు, ఎవరికో పెళ్లికూతురు, ఎవరికో తల్లి. ఆ హోదా లేని ఫోటో తీయడానికి మన ఇళ్లలో సందర్భమే లేదు.

మా అమ్మ పోయినప్పుడు దండ వేయడానికి ఫోటో వెతికాం. రెండు బీరువాలు, ఒక ట్రంకు పెట్టె వెతికితే ఆమె ఒక్కతే ఉన్న ఫోటో దొరకలేదు. మేనమామ పెళ్లి ఫోటోలోంచి ఆమె మొహం వరకూ కత్తిరించి పెద్దది చేయించాం. భుజం మీద ఎవరిదో చెయ్యి ఉంటే స్టూడియో అతను తుడిచేశాడు. పూర్తిగా పోలేదు. జాకెట్టు మీద మరకలా ఉండిపోయింది. ఇరవై ఏళ్లుగా ఆ మరకకే దండం పెట్టుకుంటున్నాను. కాబట్టి గౌను షూట్ ఒక పిచ్చి అని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది, తమాయించుకుంటాను.

వాళ్ల వాదన కూడా విందాం. ఇదంతా విదేశీ మోజు, గ్రీస్‌లోని సాంటోరిని దీవిలో ఎవరో చేస్తే ఇన్‌స్టాగ్రామ్‌లో చూసి మనవాళ్లు ఎగబడుతున్నారు, ఆ డబ్బుతో గ్రాము బంగారం కొనుక్కోవచ్చు కదా అంటారు. సాంటోరిని సంగతి నిజమే. అయితే ప్రీ వెడ్డింగ్ షూట్‌కి అదే గౌను అద్దెకు తెచ్చినప్పుడు, పక్కన కాబోయే అల్లుడు ఉన్నాడు గనక, ఈ పెద్దలే ఫోటోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టారు. గౌను మీద అభ్యంతరం ఎప్పుడూ లేదు. పక్కన ఎవరూ లేకపోవడం మీదే ఉంది.

ఇక ఈ షూట్ ఎలా జరుగుతుందో కాస్త చెప్పాలి, ఎందుకంటే బుక్ చేసేవాళ్లు మోసపోయేది సగం ఇక్కడే. ఫోన్‌లో చూపించే శాంపిల్ ఫోటోల్లో సూర్యుడు సముద్రంలోకి దిగిపోతుంటాడు. అవి గోవావో, ఏ విదేశానివో. మన తీరం తూర్పు ముఖం. మనకు సూర్యుడు సముద్రంలోంచి పుడతాడు, ఊళ్ల వెనక అస్తమిస్తాడు. కాబట్టి ఆ ఫోటో మనకి దొరికేది తెల్లవారుజామునే. వేసవిలో ఆరు కొట్టకముందే పొద్దుపొడుస్తుంది, సంక్రాంతి రోజుల్లో ఆరున్నర దాటుతుంది. ఆ మెత్తటి బంగారు వెలుగు ముప్పావుగంట, మహా అయితే గంట. తర్వాత ఎండ నెత్తికెక్కి కళ్ల కింద నల్లటి నీడలు పడతాయి. "ఈవెనింగ్ స్లాట్ ఉంది మేడం, సేమ్ లుక్ వస్తుంది" అని ఎవరైనా అంటే ఆ అబ్బాయి మన సముద్రం దగ్గర షూట్ చేయలేదని అర్థం. సాయంత్రం వెలుగు ఊరి వైపు నుంచి వస్తుంది. అదీ బాగుంటుంది, కానీ మీరు చూసి ముచ్చటపడిన ఫోటో అది కాదు.

గాలి సంగతీ అంతే. రాత్రంతా నేల చల్లబడుతుంది కాబట్టి తెల్లవారుజామున గాలి మామూలుగా నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది, మధ్యాహ్నానికి తిరగబడుతుంది. సూర్యుణ్ణి వెనక పెట్టి తీస్తే, గాలి కెమెరా వైపు నుంచి వచ్చి గౌను వెనక్కి పోతుంది. మనం ఫోటోల్లో రెక్కలా పక్కకి విచ్చుకుని కనబడే ట్రెయిల్, అంటే గౌను వెనక పొడుగ్గా సాగే గుడ్డ, దానంతట అది ఎగిరింది కాదు. ఒక కుర్రాడు దాని కొస పట్టుకుని, ఒకటీ రెండూ మూడూ అని గాల్లోకి విసిరి, ఫ్రేమ్‌లోంచి పక్కకు దూకుతాడు. ఆ ఒక్క క్షణంలో ఫోటోగ్రాఫర్ టకటకా పది పదిహేను క్లిక్‌లు కొడతాడు. సెకనులో వెయ్యో వంతు షటర్ స్పీడ్ పెడితే గుడ్డ గాల్లో ఆగిపోయినట్టు వస్తుంది. ఆ కుర్రాడికి ఎంత ఇస్తున్నారో నేను అడిగాను. చెప్పలేదు. అసలు కష్టం అతనిదే. గుడ్డ షిఫాన్ లేదా జార్జెట్ అయితే తేలిగ్గా లేస్తుంది. శాటిన్ మెరుస్తుంది గానీ బరువు. ఏదైనా సరే, తడిస్తే ప్రమాదం. మూడు నాలుగు మీటర్ల గుడ్డ నీళ్లు పీల్చుకుని, వెనక్కి పోయే అలతో పాటు మనిషినీ లాగుతుంది. చీలమండ దాటి నీళ్లలోకి దిగమని చెప్పే ఫోటోగ్రాఫర్ దగ్గర పని లేదు.

మా టీచరమ్మ విషయంలో ఫోటోగ్రాఫర్‌కి ఇంకో ఇబ్బంది వచ్చింది. ఆవిడ నాలుగు నెలల కింద తిరుమలలో నీలాలు ఇచ్చింది. భర్త ఆపరేషన్ గట్టెక్కాలని మొక్కు. ఇప్పుడు తల మీద రెండంగుళాల జుట్టు. "విగ్ అరేంజ్ చేస్తాం మేడం, గౌనుకి లూజ్ హెయిర్ అయితేనే లుక్" అన్నాడట. ఆవిడ వద్దంది. నలభై ఏళ్లు జడ వేసుకుని అందరి ఫోటోల్లోనూ ఉన్నాను, ఇది మాత్రం నా తల అంది. ఆ మాట విన్నాకే నేను ఈ వ్యాసం రాయాలనుకున్నాను.

ఇప్పుడు అసలు గట్టిగా చెప్పాల్సిన మాట. ఫోటో ఎవరిది?

తీసినవాడిదే ఫోటో అని మనలో చాలామంది నమ్ముతాం, స్టూడియోల వాళ్లూ అదే చెబుతారు. చట్టం అలా లేదు. కాపీరైట్ చట్టం, 1957లో 17వ సెక్షన్ చూడండి. మామూలుగా రచన చేసినవాడే హక్కుదారు. కానీ ఒక మనిషి డబ్బిచ్చి, తన కోరిక మీద ఫోటో తీయించుకుంటే, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, ఆ ఫోటో కాపీరైట్‌కి మొదటి యజమాని ఆ తీయించుకున్న మనిషే. పెయింటింగ్‌గా వేయించుకున్న చిత్రానికీ ఇదే సూత్రం. అంటే, జీవితమంతా ఇతరుల అవసరానికి ఫోటోల్లో నిలబడిన మనిషి, జేబులోంచి కొన్ని వేలు తీసి బుక్ చేసుకున్న రోజున, చట్టం దృష్టిలో తన రూపానికి యజమాని అవుతోంది. మొహమాటం లేకుండా చెబుతున్నా, ఈ ఒక్క వాక్యం తెలిసినందుకే ఆడవాళ్లంతా ఒకసారి షూట్ బుక్ చేసుకోవాలనిపిస్తుంది నాకు.

చిక్కంతా "వేరే ఒప్పందం లేకపోతే" దగ్గరుంది. మా చెల్లెలి కూతురు ఏడో నెలలో మెటర్నిటీ షూట్ చేయించుకుంది. స్టూడియో పేరు చెప్పను. అడ్వాన్స్ కట్టగానే వాట్సాప్‌లో ఒక బారెడు మెసేజ్ వచ్చింది, "ఓకే అని రిప్లై ఇవ్వండి మేడం" అని. ఇచ్చింది. రెండు నెలల తర్వాత ఆఫీసులో పక్క సీటావిడ ఫోన్‌లో ఒక రీల్ చూపించింది. అందులో ఈ పిల్ల, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, వెనకాల ఏదో పాట. ఫోన్ చేస్తే, "ప్రమోషన్‌కి వాడుకుంటామని మెసేజ్‌లోనే ఉంది కదా మేడం, అందరూ ఒప్పుకుంటారు" అన్నారు. వారం రోజులు బతిమాలితే తీసేశారు. ఈలోగా అత్తగారి వైపు ఎవరెవరు చూశారో, ఎవరు ఏమన్నారో అదో పెద్ద రామాయణం. ఆ పిల్ల తప్పు ఒక్కటే, చదవకుండా ఓకే కొట్టింది.

అందుకని బుక్ చేసేటప్పుడు గౌను రంగు గురించి గంట మాట్లాడే బదులు పది నిమిషాలు దీని గురించి మాట్లాడండి. నా అనుమతి లేకుండా ఎక్కడా పెట్టకూడదు అని రాతపూర్వకంగా, వాట్సాప్‌లోనైనా సరే, తీసుకోండి. ఎడిట్ చేసినవి ఎన్ని ఇస్తారు, మిగతా ఫైల్స్ ఇస్తారా, ఎన్ని రోజుల్లో, వాన పడితే డేట్ మారుస్తారా, గౌను చిరిగితే ఎవరు కట్టాలి, ఇవన్నీ అడగాలి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మనకి ఈశాన్య రుతుపవనాలు, తుపాన్లు. ఆ నెలల్లో డేట్ మార్చే మాట లేకుండా అడ్వాన్స్ కట్టడం తెలివితక్కువ. ఫోటోగ్రాఫర్ల బాధలూ ఉన్నాయి, కాదనను. గౌను, కారు బుక్ చేశాక ముందు రోజు రాత్రి మానేసేవాళ్లు ఉన్నారు. వాళ్లు అడ్వాన్స్ అడగడంలో తప్పు లేదు. ఫోటో మీద హక్కు అడగడంలోనే నా పేచీ.

ఇక మూడో ప్రశ్న. "ఎవరితో?"

టీచరమ్మ ఒక్కతే పోదామనుకుంది. కుదరలేదు. రాత్రి రెండున్నరకి తిరుపతిలో బయల్దేరాలి. దారిలో పెట్రోల్ బంకులో బాత్రూమ్‌కి ఆగాలి, అందుకని ముందు రోజు రాత్రి నుంచే నీళ్లు తాగడం తగ్గించింది. ఐదింటికి తీరానికి చేరేసరికి అక్కడ తలుపు తీసి ఉన్న గది ఒక్కటీ లేదు. ఏ ఊరో రాయను, ఆ ఒక్క ఊరి తప్పు కాదు గనక. కారు అద్దాలకి చున్నీలు అడ్డం కట్టి, వెనక సీటులో వంగి, గౌను వేసుకుంది. జిప్పు పెట్టడానికి చెయ్యి ఆడలేదు. భర్త కారుకి ఒక పక్క, ట్రెయిల్ విసిరే కుర్రాడు ఇంకో పక్క, ఇద్దరూ అటు తిరిగి కాపలా. షూట్ అయ్యాక అదే కారులో, తడి ఇసుకతో, మళ్లీ చీరలోకి. ఒంటరిగా తీయించుకున్న ఫోటోకి ఇద్దరు మగవాళ్ల కాపలా కావలసి వచ్చింది.

ఇదే ఆవిడ నాలుగు నెలల కింద అర్ధరాత్రి కల్యాణకట్టలో కూర్చుంది. అక్కడ ఆడవాళ్లకి నీలాలు తీసేది ఆడవాళ్లే. పని అయ్యాక స్నానం చేసి, బట్టలు మార్చుకుని, పసుపు రాసుకున్న గుండుతో, ఎవరి తోడూ లేకుండా క్యూలోకి నడిచింది. అంతమంది జనంలో, ఆ వేళలో, ఒక్క క్షణం కూడా భయం వేయలేదంది. ఆడవాళ్లు రాత్రి పూట స్నానం చేసి బట్టలు మార్చుకోవడానికి ఏం కావాలో తెలియని జిల్లా కాదు మనది. దేశంలో ఇంకెవరికైనా నేర్పగల జిల్లా. కొండ మీద అంత బాగా తెలిసిన పని తీరానికి వచ్చేసరికి తెలియకుండా పోయింది. మొక్కు తీర్చుకోవడానికి వచ్చే ఆడమనిషి లెక్కలో ఉంది, ఊరికే సముద్రం చూడ్డానికి వచ్చే ఆడమనిషి లెక్కలోకే రాలేదు.

తీరం అభివృద్ధి అనగానే రిసార్టులు, వాటర్ స్పోర్ట్స్, పెట్టుబడులు అని మాట్లాడతారు. రావాలి, వద్దనను. కానీ వాటిలో ఏదీ తెల్లవారుజామున ఐదింటికి అక్కరకి రాదు. ఆ వేళకి అక్కడికి వచ్చేది ఫోటో కోసం వచ్చిన టీచరమ్మ ఒక్కతే కాదు. చేపల బుట్ట కోసం వచ్చే ఆడవాళ్లు ఉంటారు. అమావాస్య స్నానానికి వచ్చేవాళ్లు ఉంటారు. వాళ్లకి ఈ ఇబ్బంది ఎప్పటి నుంచో ఉంది, గౌను లేదు గనక ఎవరూ వార్త రాయలేదు. నేనూ రాయలేదు.

దీనికి పెద్ద ప్రాజెక్టు అక్కర్లేదు. రేకుల కప్పుతో రెండు గదులు, ఒక కుళాయి, ఒక బల్బు, తెల్లవారుజామున నాలుగున్నర నుంచి అక్కడ ఉండే ఒక మహిళా ఉద్యోగి. మనిషికి ఇరవై రూపాయలు పెట్టినా ఫోటోగ్రాఫర్లు కళ్లకద్దుకుని కడతారు, పంచాయతీకి ఆదాయం. బుట్టలు మోసే ఆడవాళ్ల దగ్గర మాత్రం తీసుకోవద్దు.

ఇంకేమైనా రాయమంటారా అని టీచరమ్మని అడిగాను. ఆ గదికి గడియ లోపలి వైపు పెట్టమని రాయండి అంది.