అడ్వాన్సు కూడా లెక్కలో వేయండి

జీతం ఎక్కువ కాబట్టి ఉద్యోగానికి హైదరాబాద్ కన్నా బెంగళూరే మేలని మీ వ్యాసంలో రాశారు. ఇంటి అద్దె చూపించారు గానీ, ఇల్లు తీసుకునేటప్పుడు ఓనర్ దగ్గర ఉంచే అడ్వాన్సు సంగతి వదిలేశారండీ. బెంగళూరులో మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ వైపు చాలామంది ఓనర్లు ఐదారు నెలల అద్దె ముందే అడుగుతారు, కొందరు పది నెలలది కూడా. హైదరాబాద్‌లో మామూలుగా రెండు మూడు నెలలతో సరిపోతుంది. మన ఊళ్ల నుంచి కొత్తగా ఉద్యోగానికి వచ్చిన పిల్లలు దీనికోసం అప్పులు చేస్తున్నారు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఆ అడ్వాన్సులోంచి మళ్లీ ఒక నెల అద్దె కోత! ఇది చాలా అన్యాయం. నీళ్ల టెన్షన్ వేరే. బెంగళూరుకి కావేరి నీళ్లు దాదాపు 100 కిలోమీటర్ల నుంచి ఎత్తిపోయాలి, 2024 వేసవిలో ట్యాంకర్ల ధరలు ఎలా పెరిగాయో అందరూ చూశారు. వాతావరణం మాత్రం బెంగళూరుదే బాగుంటుంది, ఒప్పుకుంటాను. వచ్చేవాళ్లు ఇల్లు చూసేటప్పుడు కావేరి కనెక్షన్ ఉందా, అడ్వాన్సులో ఎంత పట్టుకుంటారు అన్నవి అగ్రిమెంట్‌కి ముందే అడగండి.