నా ఖాతాలో పడ్డ చిల్లు

తూటాలు దుకాణంలో డబ్బాల్లో దొరుకుతాయి. అయినా వాటిని ఇంట్లో సొంతంగా తయారు చేసుకునే జాతి ఒకటుంది, అందులో నేనూ ఉన్నాను. పేలిన ఇత్తడి కేసును తుడిచి, అచ్చులో నొక్కి మళ్లీ పాత కొలతకు తెచ్చి, అడుగున కొత్త ప్రైమర్ (దెబ్బ తగలగానే నిప్పు పుట్టించే చిన్న బిళ్ల) బిగించి, తుపాకి మందు తూచి పోసి, మూతిలో గుండు కూర్చోబెట్టాలి. మందు తూచేది గ్రెయిన్లలో. ఒక పౌనుకు 7,000 గ్రెయిన్లు, అంటే ఒక గ్రెయిను 65 మిల్లీగ్రాములైనా తూగదు. అందులో పదో వంతు తేడా వస్తుందేమోనని నేను ఫ్యాను ఆపేస్తాను, ఊపిరి బిగబడతాను, తలుపు తీయవద్దని ఇంట్లోవాళ్లను బతిమాలతాను. తీస్తారు. మళ్లీ తూస్తాను.

ఇలా పుస్తకంలో చెప్పిన హద్దు దాటకుండా, మందు కొంచెం కొంచెం పెంచుతూ కట్టిన తూటాలను షూటింగ్ రేంజికి పట్టుకుని వెళ్లి, నా రైఫిలుకు వాటిలో ఏది నచ్చిందో తేల్చాలి. దూరం 100 మీటర్లు. కాగితం మీద కొన్ని నల్ల చుక్కలు, ఒక్కో రకానికి ఒక్కో చుక్క, చుక్కకు ఐదు గుళ్లు. మొదటి చుక్కల సంగతి రాయను. వాటిని చూసినవారు కూడా మర్యాదగా మరిచిపోయారు.

చివరి చుక్క మీద కాల్చాక టెలిస్కోపులో చూస్తే ఏమీ కనబడలేదు. ఎండకు గాలి అలలు అలలుగా కదులుతుంటే అంత దూరాన నలుపులో పడ్డ సన్నని చిల్లు కనబడదు. వెళ్లి చూద్దామంటే కుదరదు. వరసలో చివరి మనిషి చివరి గుండు కాల్చి, అందరూ బోల్టులు తెరిచి, రైఫిళ్లు బల్ల మీద పెట్టి వెనక్కి జరిగాకే రేంజి ఆఫీసరు ఈల వేస్తాడు. నియమం మంచిదే, ప్రాణాలు కాపాడేది. కానీ ఆ చివరి మనిషి ప్రతిసారీ గుండుకూ గుండుకూ మధ్య కళ్లద్దాలు తుడుచుకునే మనిషే ఎందుకవుతాడో నాకు అర్థం కాదు.

ఈల పడింది. వెళ్లాం. నా చివరి చుక్కలో ఐదు కాదు, పది చిల్లులున్నాయి. ఐదు మాత్రం చుక్క నడుమ ఒకదాన్నొకటి కరుచుకుని ఒకే చిల్లయిపోయాయి. తక్కిన ఐదూ తలో దిక్కు చూస్తున్నాయి. పక్క కాగితం తెల్లగా, నలగకుండా, పొద్దున అంటించినట్టే ఉంది. అది ఆ రోజే మొదటిసారి రైఫిలు పట్టిన ఒక అమ్మాయిది. రైఫిలు అరువుది, తూటాలు దుకాణం డబ్బావి.

అంటే ఆమె తన కాగితం వదిలేసి నా కాగితం మీద కాల్చిందన్నమాట. మరి ఏ ఐదు ఎవరివి?

అసలు ఈ ప్రశ్నే ఎవరికీ రాలేదు. మా క్లబ్బులో ఒక పెద్దాయన ఉన్నాడు. ఆయన రైఫిలు కాల్చగా చూసినవారు తక్కువ, మాట్లాడగా విననివారు లేరు. కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని, "చూశారా, ఇదీ సొంతంగా కట్టిన తూటా అంటే!" అన్నాడు. రేంజి ఆఫీసరు అక్కడికక్కడే ఆ అమ్మాయిని మందలించి, పక్కవారి కాగితం మీద కాల్చినట్టు రిజిస్టరులో రాశాడు. ఆ కిందనే, ఎవరూ అడగకపోయినా, నా పేరు పక్కన "అద్భుతమైన గ్రూపు" అని కూడా రాశాడు. ఒకే గురి మీద పడ్డ చిల్లుల గుంపును మేం గ్రూపంటాం, అది ఎంత చిన్నదైతే అంత గొప్ప. ఆమె తల వంచుకుని, "సారీ అంకుల్" అంది. నేను పెద్దమనసుతో నవ్వాను.

ఇక పెద్దాయన కారణాలు మొదలుపెట్టాడు. మొదటిది, గుండు కూర్చోబెట్టిన లోతు. గుండు ముక్కుకూ బ్యారెల్ లోపలి గాడులు మొదలయ్యే చోటుకూ మధ్య ఎంత ఖాళీ ఉండాలో తానే నాకు చెప్పానన్నాడు. నిజానికి ఆ మాట ఆయన రేంజి గేటు దగ్గర కాపలాదారుకు కూడా చెప్పాడు. రెండోది, కేసు మెడ వంకర లేకుండా ఉండటం. మూడోది, తుడిచిన బ్యారెల్ నాలుగు గుళ్లు కాలాక గానీ కుదుటపడదన్న సత్యం. నాలుగోది, గుళ్ల వేగంలో తేడా లేకపోవడం. ఆ తేడా 100 మీటర్ల దగ్గర దాదాపు తెలియదనీ, 600 దాటాకే బాగా బయటపడుతుందనీ నాకు తెలుసు. కానీ నన్ను పొగుడుతున్న మనిషి తప్పు దిద్దడం సభ్యత కాదు. ఐదోది నా శ్వాస మీది అదుపు. నేను కాలుస్తున్నంతసేపూ ఆయన అటు తిరిగి ఎవరికో గాలి గురించి చెబుతున్నాడు. శ్వాస బహుశా వీపుతో విన్నాడేమో.

ఈలోగా నలుగురు పోగయ్యారు. ఒకాయన ఫొటో తీశాడు. ఇంకొకాయన గొంతు తగ్గించి, మందు ఎంత పోశారని అడిగాడు. "ఒక రైఫిలు లెక్క ఇంకో రైఫిలుకు పనికిరాదు, ప్రమాదం కూడా" అన్నాను. అది అక్షరాలా నిజం. అయితే నేను చెప్పిన తీరులో మాత్రం వంశపారంపర్య రహస్యం దాచుకున్న ధ్వని ఉందని ఒప్పుకోవాలి.

"కొలవండి" అన్నాడు పెద్దాయన. వెర్నియర్ తీశాను. ఈ అంచు నుంచి ఆ అంచుకు 15.1 మిల్లీమీటర్లు. గ్రూపును చిల్లు నడుమ నుంచి చిల్లు నడుమకు లెక్కిస్తారు కనుక అందులో గుండు వ్యాసం తీసేయాలి. మాది 6.5 అని పిలిచినా అసలు వ్యాసం 6.71. మిగిలింది 8.4. గురిని కొలిచేది కోణంలో, డిగ్రీలో అరవయ్యో వంతైన నిమిషాల్లో. ఇంత దూరంలో ఒక నిమిషం కోణమంటే 29.1 మిల్లీమీటర్లు, అంటే మాది నిమిషంలో మూడో వంతు కూడా లేదు! పెద్దాయన ఆ అంకెను తన ఘనతగా ప్రకటించాడు.

ఆ అమ్మాయి ఇంతసేపూ చిల్లు అంచునే చూస్తోంది. పక్కకు సగానికి పైగా గుండ్రంగా మిగిలిన వంపు ఒకటుంది. జేబులోంచి తన తూటా ఒకటి తీసి, గుండు మొనను అందులో పెట్టింది. అచ్చంగా ఇమిడింది.

"అంకుల్, మీ గుళ్లు కూడా ఇంత లావుంటాయా?"

ఉండవు. ఆమెది 7.62 రకం, వ్యాసం 7.82. గుండు పోయాక కాగితం కాస్త ముడుచుకుని చిల్లు చిన్నదవుతుందే కానీ, నున్నటి అంచుతో ఒక మిల్లీమీటరు పెద్దదవదు. ఎవరో నా తూటా కూడా అందులో పెట్టి చూశారు. అది చుట్టూ తిరిగింది. తలో దిక్కు చూస్తున్న ఐదింటిలో పెడితే హాయిగా కూర్చుంది. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఇది చాలదన్నట్టు, పక్కనున్నాయన లెక్క మళ్లీ వేశాడు. 15.1 లోంచి 7.82 పోతే 7.28. నిమిషంలో పావు వంతు. నా చేతుల్లోంచి ఆమె చేతుల్లోకి పోగానే గ్రూపు ఇంకా చిన్నదైంది.

పెద్దాయన తడబడలేదు. నా ఐదు చిల్లుల వైపు తిరిగి, "ఇందుకే గుండు లోతు చూసుకోమన్నాను" అన్నాడు. తర్వాత మెడ వంకర, తర్వాత బ్యారెల్, తర్వాత వేగం, తర్వాత శ్వాస. అవే ఐదు కారణాలు, అదే వరస.

రిజిస్టరు దిద్దమని ఆఫీసరును అడిగాను. పక్క కాగితం మీద కాల్చడం నిజమే కనుక ఆ మాట ఉంటుందట. గ్రూపు మాట సిరాతో రాశాడు, కొట్టివేతలు పనికిరావట. కార్యదర్శి రాతపూర్వకంగా అనుమతిస్తే కొత్త పేజీలో సవరణ రాయవచ్చట. కార్యదర్శి ఊళ్లో లేడట. అంతవరకూ ఉన్నది ఉన్నట్టుగా సంతకం పెట్టమని పెన్ను చాపాడు.

"పర్వాలేదు అంకుల్, మీ దగ్గరే ఉంచుకోండి" అంది ఆ అమ్మాయి.

అప్పటికే అందరూ ఆమె డబ్బా చుట్టూ చేరి, మూత మీది లాట్ నంబరు రాసుకుంటున్నారు. ఆ తూటా నా రైఫిలులో పట్టనే పట్టదు. అయినా చేతిలో పెన్ను ఉంది కదా, నేనూ రాసుకున్నాను.