దాచి పెంచితే వరదలో దక్కదు

2023 డిసెంబర్‌లో బాపట్ల దగ్గర తీరం దాటకముందే మిచాంగ్ తుపాను చెన్నైని ముంచేసింది. వేళచ్చేరి, పళ్లికరణై వైపు ఇళ్లలోకి నీళ్లొచ్చాయి, రోజుల తరబడి కరెంటు లేదు, జనం పడవల్లో బయటపడ్డారు. కుక్కపిల్లను చంకనేసుకుని పడవెక్కితే ఎవరో ఒకరు చెయ్యందిస్తారు. సంచీలో బాల్ పైథాన్ (విషం లేని ఆఫ్రికా కొండచిలువ) ఉందని చెప్పి చూడండి!

చెన్నై ఐటీ ఆఫీసులుండే ఓఎంఆర్ రోడ్డు పొడవునా అద్దె ఫ్లాట్లలో ఉండే మన కుర్రాళ్లలో ఇగువానాలు, గెకోలు అనే విదేశీ బల్లి జాతుల్ని, పైథాన్లను పెంచేవాళ్లున్నారు. హౌస్ ఓనర్‌కి తెలియదు, పక్క ఫ్లాట్‌కి తెలియదు, నెల్లూరులో అమ్మకి అసలే తెలియదు. ఈ జంతువులకు వరదకన్నా ఈ దాపరికమే పెద్ద ముప్పని నా అభిప్రాయం. మూడో అంతస్తు వాళ్లను నాలుగు రోజులు చోటడగాలంటే, ముందు అలాంటిదొకటి ఇంట్లో ఉందని ఒప్పుకోవాలి కదా.

దాచడానికి ఒక కారణం కాగితాలు లేకపోవడం. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ ప్రకారం, సైటిస్ (అంతరించే ముప్పున్న జీవుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలో ఉన్న విదేశీ జీవుల్ని పెంచేవాళ్లు నమోదు చేసుకోవాలి. 2024 ఫిబ్రవరిలో నిబంధనలొచ్చాయి, కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైట్ అయిన పరివేష్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. బాల్ పైథాన్, గ్రీన్ ఇగువానా రెండూ ఆ జాబితాలోవే. వరద కిట్‌లో టార్చ్‌లైట్ కన్నా ముందు ఆ నమోదు పత్రం ఉండాలంటాను. అదృష్టం తెస్తుందని ఇంట్లో నక్షత్ర తాబేలును పెట్టుకున్నవాళ్ల సంగతి వేరు. అది ఆ చట్టంలో అత్యధిక రక్షణ ఉన్న షెడ్యూల్ 1 జీవి, పెంచడమే నేరం. వానలదాకా ఆగకుండా అటవీ శాఖకు అప్పగించడమే దారి.

ఇక పద్ధతికొస్తే, పాముకు కావలసింది పెద్ద పంజరం కాదు. కుట్లు గట్టిగా ఉన్న దిండు గలీబులో వేసి, మూతి ముడేసి, గాలి రంధ్రాలున్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి మూత బిగించాలి. ఒక్కో సంచిలో ఒక్కటే. తుపాను హెచ్చరిక రాగానే మేత ఆపేయాలి. తిన్న వెంటనే కదిలిస్తే కక్కేస్తుంది, ఆరోగ్యంగా ఉన్న పెద్ద పాము వారాల తరబడి తినకపోయినా ఇబ్బంది పడదు. నీటి తాబేలునైతే బకెట్ నీళ్లలో కాకుండా తడి తువ్వాలు పరిచిన డబ్బాలో తీసుకెళ్లాలి.

కరెంటు పోతే హీట్ ల్యాంప్ కూడా పోతుంది. చెన్నై డిసెంబర్ చలి మనకు చలే కాదు, కానీ వెచ్చని మూల 30 డిగ్రీలు దాటి ఉండాల్సిన బాల్ పైథాన్‌కు వానరాత్రి 22 డిగ్రీలంటే ఒంట్లో పనులన్నీ మందగించినట్టే. చేపల షాపుల్లో దొరికే థర్మాకోల్ పెట్టెకు గాలి రంధ్రాలు పెట్టి, తువ్వాలు చుట్టిన వేడినీళ్ల సీసాను ఒక పక్కన ఉంచితే రాత్రి గడుస్తుంది. అయితే చలికన్నా అతి వేడే త్వరగా చంపుతుంది. మూసేసిన కారులో డబ్బా వదిలి భోజనానికి వెళ్లకూడదు.

డబ్బా మీద రాసేది తమిళంలో ఉండాలి. పడవ నడిపే జాలరికి, ఫైర్ సర్వీస్ వాళ్లకి మన తెలుగు చీటీ ఏం ఉపయోగం? 'విషం లేని పాము, తెరవకండి' అని రాసి ఫోన్ నంబర్ పెడితే చాలు. వరదనీటితో నాగుపాములూ రక్తపింజర్లూ ఇళ్లలోకొచ్చే ఊరిది. మెట్ల మీద మచ్చల పాము కనిపిస్తే అది ఆఫ్రికా నుంచి వచ్చిందా అని ఎవరూ ఆరా తీయరు, కర్ర తీస్తారు. వాళ్లను తప్పుపట్టలేం కూడా.

ప్రభుత్వ పునరావాస కేంద్రాల్లో ఈ జంతువులకూ చోటివ్వాలనే వాదన ఉంది. కత్రినా తుపాను తర్వాత 2006లో పెంపుడు జంతువుల తరలింపు కోసం చట్టమే తెచ్చిన అమెరికాలో కూడా, అక్కడి విపత్తు నిర్వహణ సంస్థ ఫెమా ఇచ్చిన పెంపుడు జంతువుల నిర్వచనంలో తాబేలు తప్ప సరీసృపాలకు చోటు లేదు. పసిపిల్లలు పడుకునే హాల్లోకి సాల్మొనెల్లా అనే జబ్బు తెచ్చే బాక్టీరియాను మోసే జంతువు వద్దనడం నాకు అన్యాయంగా అనిపించదు. కాబట్టి ఏర్పాటు మనమే చేసుకోవాలి. పల్లంలో ఉన్నవాళ్లు, మెరకలో ఉన్నవాళ్లు జత కట్టి, ల్యాంపూ డబ్బా ముందే అక్కడ ఉంచుకోవచ్చు. ఇక్కడ ఈశాన్య రుతుపవనాలు అక్టోబర్‌లో మొదలవుతాయి గనుక ఓనర్‌తో మాట సెప్టెంబర్‌లోనే ఎత్తాలి. ఆయన కుదరదంటే, వేరే ఇల్లు వెతుక్కోవడానికి ఇంకా నెల టైముంటుంది.