చెంచా పట్టే చేతికి కూలి ఎవరిస్తారు?

తీపి పానీయాల డబ్బాల మీద ‘ఓఆర్‌ఎస్‌’ (విరేచనాలప్పుడు ఒంట్లో నీరు తగ్గకుండా పట్టే ఉప్పు-చక్కెర ద్రావణం) అని రాయొద్దని ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2025 అక్టోబరులో తేల్చేసింది. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి చేసిన పోరాటానికి దక్కిన గెలుపు అది. చక్కెర ఎక్కువైతే పేగుల్లోకి నీళ్లు గుంజి విరేచనాలు పెంచుతుంది కాబట్టి ఆ నిర్ణయం జరగాల్సిందే. అయితే దేవరకొండ, అచ్చంపేట, నారాయణపేట పల్లెల్లో పిల్లలకు ఓఆర్‌ఎస్‌ సరిగా పడకపోవడానికి డబ్బా మీది అబద్ధం ఒక్కటే కారణం కాదు. కూర్చుని తాగించే తల్లికి పూట గడవడం లేదు. ఆమెకు తెలివి లేదని తిట్టే ముందు ఈ లెక్క చూడాలి.

10 కిలోల బిడ్డ. కళ్లు గుంటలు పడ్డాయి, నోరెండింది, చిరాకు పడుతున్నాడు, నీళ్లు చూపిస్తే ఆత్రంగా తాగుతున్నాడు. ఒంట్లో నీరు కొంత తగ్గిందన్నమాట. కిలోకు 75 మి.లీ. చొప్పున నాలుగు గంటల్లో 750 మి.లీ. ఓఆర్‌ఎస్‌ పట్టాలి. గ్లాసుతో గడగడా తాగిస్తే కక్కేస్తాడు. 5 మి.లీ. చెంచాతో పడితే 150 చెంచాలు, ఇంచుమించు ఒకటిన్నర నిమిషానికి ఒకటి. వాంతి చేసుకుంటే పది నిమిషాలాగి మళ్లీ మొదలుపెట్టాలి, ఈసారి ఇంకా మెల్లగా. ఆ తర్వాత కూడా పలచగా పోయినప్పుడల్లా రెండేళ్లలోపు బిడ్డకు 50 నుంచి 100 మి.లీ. ఇస్తుండాలి. తల్లిపాలు, గంజి, మెత్తటి పప్పన్నం ఏదీ మాన్పించకూడదు. మోషన్లు ఆగినా జింకు 14 రోజులు వేయాల్సిందే. ఆరు నెలలు దాటితే రోజుకు 20 మి.గ్రా., రెండు నుంచి ఆరు నెలల మధ్య 10.

పొరపాట్లు ఎక్కువగా కలిపే దగ్గరే జరుగుతాయి. షాపుల్లో రెండు సైజులు అమ్ముతారు. 21 గ్రాముల దగ్గరుండే పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లకు, 4 గ్రాములకు కాస్త ఎక్కువుండే చిన్నది 200 మి.లీ.కు. పెద్ద ప్యాకెట్‌ను గ్లాసు నీళ్లలో కలిపితే రక్తంలో ఉప్పు పెరిగి ఫిట్స్ దాకా పోవచ్చు. సగం పొడి ఇప్పుడు, సగం రేపు అనుకుంటే లవణాల పాళ్లు తప్పుతాయి. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి. ఫ్లోరైడ్ భయంతో ప్లాంటు నీళ్లు కొనుక్కునే నల్లగొండ ఇళ్లలో ఇంకొకటి చూసుకోవాలి. క్యాను నీళ్లు శుభ్రంగానే వచ్చినా, కడగని చేత్తో చెంబు ముంచితే రోగం మళ్లీ అక్కడి నుంచే మొదలవుతుంది.

జ్వరం మందుకూ తూకమే కొలత. పారాసిటమాల్ కిలోకు 15 మి.గ్రా. ఈ 10 కిలోల బిడ్డకు 150 మి.గ్రా. 5 మి.లీ.లో 125 మి.గ్రా. ఉండే సిరప్ అయితే 6 మి.లీ., 250 ఉండేదైతే 3 మి.లీ., మి.లీ.కి 100 ఉండే డ్రాప్స్ అయితే 1.5 మి.లీ. ‘ఒక మూత పోయి’ అని చెప్పేవాళ్లు ఏ సీసా మూతో చెప్పరు. రెండు డోసుల మధ్య కనీసం నాలుగు గంటలు, రోజుకు నాలుగుసార్లకు మించొద్దు. నీరు తగ్గిన ఒంటికి మెఫెనమిక్ యాసిడ్, ఐబుప్రొఫెన్ ఇస్తే కిడ్నీలకు దెబ్బ. నిమెసులైడ్‌ను 12 ఏళ్లలోపు పిల్లలకు 2011లోనే నిషేధించారు. ఏ మందో అడిగి మరీ ఇవి వద్దనాలి.

ఊర్లో ఆర్‌ఎంపీ లేకపోతే అర్ధరాత్రి దిక్కెవరు అంటారు. నిజమే, పిలిస్తే వచ్చేది ఆయనే. కానీ మొదటి రోజే యాంటీబయాటిక్ సూది వేస్తే టైఫాయిడ్ పట్టిచ్చే బ్లడ్ కల్చర్ (రక్తంలోని క్రిమిని పెంచి చూసే పరీక్ష) పాడవుతుంది. ఆ తర్వాత జ్వరం వారమైనా తగ్గక, నమ్మకం లేని వైడాల్ రక్తపరీక్ష చీటీ పట్టుకుని తిరగాలి. నెత్తురు పడని మామూలు విరేచనాలకు యాంటీబయాటిక్ పని లేదు. ఆయన ఎక్కించే ఉత్త గ్లూకోజు బాటిల్‌లో బిడ్డ పోగొట్టుకున్న ఉప్పూ ఉండదు, పొటాషియమూ ఉండదు.

అయినా ఆ బాటిలే ఎందుకు గెలుస్తోంది? ఇక్కడే మనవాళ్లు తప్పు లెక్క వేస్తున్నారు. పత్తి ఏరే కూలి కిలోల లెక్కన. చేన్లో లేని ప్రతి గంటకూ కూలి పోతుంది. చాలా పీహెచ్‌సీల్లో ఓపీ సాయంత్రానికి ముగుస్తుంది, ఆమె ఇల్లు చేరేది చీకటి పడ్డాక. అప్పుడు తెరిచి ఉండేది ఆర్‌ఎంపీ గది. బాటిల్ కడితే ఆ పూటకు బిడ్డ నిద్రపోతాడు, తెల్లారి ఆమె చేనుకు పోవచ్చు. ఆ తల్లి కొనుక్కుంటున్నది మందు కాదు, మరుసటి రోజు కూలి. 150 చెంచాల వైద్యం ఉచితమని ప్రభుత్వం పోస్టర్ వేస్తుంది. ఆ నాలుగు గంటల ఖరీదు ఆమె ఒక్కతే కడుతోంది.

ఇది విరేచనాలతో ఆగే సంగతి కాదు. కేంద్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగికి సర్వీసులో 730 రోజుల శిశు సంరక్షణ సెలవు ఉంది, ఉండాల్సిందే. పాలమూరు కూలి తల్లికి ఒక్క రోజు కూడా లేదు. ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురు వస్తే పనిచోట చూసుకోవడానికి ఒక మహిళను పెట్టి ఆమెకూ కూలి ఇవ్వాలని 2005 ఉపాధి హామీ చట్టంలో రాశారు. ఎన్ని పనిచోట్ల అలా కనిపించిందో ఇక్కడి వాళ్లనే అడగండి. పిల్లలను సాకడం పని అని కాగితం మీద ఒప్పుకున్నాం, కూలి లెక్కగట్టే హాజరు పట్టీ మస్టర్ రోల్‌లోకి రానివ్వలేదు.

కాబట్టి వానాకాలం నుంచి పత్తి ఏరుడు ముగిసేదాకా ప్రతి పల్లె దవాఖానలో సాయంత్రం ఆరు నుంచి పది వరకు ఓఆర్‌ఎస్‌ గది తెరవాలి. తూకం మిషన్, లీటరు కొలపాత్ర, చెంచాలు, జింకు, తల్లి అలసిపోతే చెంచా అందుకునే ఒక మనిషి. ఆ మనిషికి గంటల లెక్కన జీతం. బిడ్డ తాగలేకపోతే, మత్తుగా పడి ఉంటే, చర్మం గిల్లి వదిలితే రెండు సెకన్లు దాటినా సర్దుకోకపోతే, ఆరేడు గంటలు మూత్రం పోయకపోతే, మలంలో నెత్తురు పడితే, ఆకుపచ్చగా కక్కితే, ఫిట్స్ వస్తే అక్కడి నుంచే 108లో పెద్దాసుపత్రికి పంపాలి. నరానికి సెలైన్ అవసరమా లేదా తేలాల్సింది అక్కడ. మూడు నెలలలోపు పసికందుకు 100.4 డిగ్రీల జ్వరం ఉన్నా అంతే. ఆస్పత్రిలో ఉన్నన్ని రోజులు తల్లికి కనీస కూలి ఖాతాలో పడాలి. వచ్చే బడ్జెట్‌లో ఈ రెండు పద్దులు ఉన్నాయో లేదో ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ ఎమ్మెల్యేలు సభలో అడగాలి.