కనిపించేది గంట కిందటి శత్రువు

అంతరిక్షంలో శత్రు నౌకల దళం కాంతి గంట దూరంలో, అంటే వెలుతురు గంటలో దాటే సుమారు 108 కోట్ల కిలోమీటర్ల అవతల ఉందనుకుందాం. దళపతికి తెరమీద కనిపించేది వాళ్లు గంట కిందట ఉన్న చోటు. ఈలోగా వాళ్లు దిశ మార్చుకున్నా, రెండుగా చీలినా అతనికి తెలియదు. జాక్ క్యాంప్‌బెల్ పేరుతో జాన్ హెమ్రీ రాసిన ‘డాంట్‌లెస్’ (2006) నవలలో యుద్ధమంతా ఈ చిక్కు మీదే నడుస్తుంది. ‘లాస్ట్ ఫ్లీట్’ శ్రేణిలో ఇది మొదటిది. రచయిత అమెరికా నౌకాదళంలో పనిచేసి విరమించిన అధికారి; ఆ అనుభవం ఆయుధాల వర్ణనలో కన్నా ఈ ఆలస్యాన్ని పట్టుకోవడంలోనే ఎక్కువ అక్కరకొచ్చిందని నాకనిపిస్తుంది.

దళాలు దగ్గరయ్యేకొద్దీ ఆ గంట నిమిషాలకూ సెకన్లకూ తగ్గుతుంది కాబట్టి, ఎప్పుడు మలుపు తిరగాలన్నదే అసలు విద్య: ముందే తిరిగితే శత్రువు చూసి సర్దుకుంటాడు, ఆలస్యమైతే మన ఆజ్ఞ చివరి నౌకకు అందే లోపే అంతా అయిపోతుంది. చెరొకటి కాంతివేగంలో పదోవంతుతో ఎదురెదురుగా వచ్చిన దళాలు సెకనుకు దాదాపు 60 వేల కిలోమీటర్ల వేగంతో ఒకదాన్నొకటి దాటిపోతాయి. మీట నొక్కడం మనిషి వల్ల కాదు, యంత్రమే కాల్చాలి. గ్రేప్‌షాట్ అని పిలిచే మామూలు లోహపు గుండ్లు కూడా ఆ వేగంలో నౌకలను దెబ్బతీస్తాయి. గంటల తరబడి నిరీక్షణ, రెప్పపాటులో పోరు, ఆపైన ఎవరు మిగిలారన్న లెక్క.

సంజయుడు కురుక్షేత్రాన్ని ప్రత్యక్ష వ్యాఖ్యానంలా వినిపించాడని మనం అనుకుంటాం గానీ, భీష్మపర్వంలో అతడు రణభూమి నుంచి వచ్చి ముందుగా చెప్పేది భీష్ముడు పడిపోయాడన్న మాట. అప్పటికి పది రోజుల యుద్ధం గడిచిపోయింది. ధృతరాష్ట్రుడు ఆ పాత వార్త విని కుమిలిపోయాడు. ఈ నవలలోని దళపతి జాన్ గియరీ అలాంటి వార్తను నమ్మి ఆజ్ఞ ఇవ్వాలి.

గియరీ కూడా ఒక రకంగా పాత వార్తే. యుద్ధపు తొలి పోరులో నౌక పోగొట్టుకుని, ప్రాణరక్షక పేటికలో నిద్రాణంగా వందేళ్లు తేలాడిన మనిషి అతడు. ఆ లోపు ప్రభుత్వం అతణ్ని ‘బ్లాక్ జాక్’ అనే వీరగాథగా మలిచింది. శత్రువు సంప్రదింపులకని పిలిచి సేనానులను చంపేశాక, పరాయి గడ్డమీద చిక్కిన దళం ఈ గాథ చేతిలో పడుతుంది. క్రీ.పూ. 401లో పర్షియా నడిబొడ్డున నాయకులను ఇలాగే పోగొట్టుకున్న గ్రీకు కిరాయి సైనికుల తిరుగు ప్రయాణం, జెనొఫోన్ రాసిన ‘అనాబసిస్’, దీనికి మూలం.

నాకు బాగా నచ్చిన ఘట్టం కార్వస్ అనే నక్షత్రం దగ్గరిది. అక్కడున్నది పాతబడిన శత్రు నౌకలు, అవీ కొద్దిపాటే. అయినా కెప్టెన్లు వ్యూహం చెదరగొట్టుకుని, నేను ముందంటే నేను ముందని ఎగబడతారు. వాళ్లకు ధైర్యం తక్కువ కాదు. నేర్పవలసినవాళ్లు నేర్పకముందే చచ్చిపోతూ రాగా, వందేళ్లలో విద్య పోయి తెగువ ఒక్కటే మిగిలింది. మెరైన్లు తప్ప ఎవరూ సెల్యూట్ చేయరు. ఏం చేయాలో కెప్టెన్లు సమావేశంలో ఓటు వేసి తేల్చుకోవడం ఆనవాయితీ. గియరీ ఓటు అడగడు. నౌకలను మళ్లీ మళ్లీ కవాతు చేయిస్తాడు. సుదీర్ఘ యుద్ధం సైన్యాన్ని రాటుదేలుస్తుందన్న నమ్మకాన్ని ఇంత నమ్మదగ్గ తీరులో కాదన్న నవల నాకు వేరే తగల్లేదు.

లోపాలు లేకపోలేదు. అధికారులు సీఈఓలుగా చలామణీ అయ్యే శత్రు రాజ్యం వ్యంగ్యంగా బాగుందే తప్ప, అందులో ఒక్క మనిషీ గుర్తుండడు. సంభాషణలు ఆదేశపత్రాల్లా సాగుతాయి. గియరీ అంతర్మథనం పదేపదే అదే చోటికి వస్తుంది. సరకు మోసే సహాయక నౌకల దగ్గర మాత్రం రచయిత కలం తడబడదు. యుద్ధనౌకలు ఎంత తొందరపడినా దళం వాటి వెంటే నడవాలి, ఎందుకంటే ఇంధనమూ ఆయుధాలూ తయారయ్యేది వాటిలోనే. 2007లో వచ్చిన రెండో నవల ‘ఫియర్‌లెస్’ను నేను, ఆ ఇంధనం ఇంకెంత మిగిలిందో చూద్దామనే తెరిచాను.